కట్టేసిన చెయ్యి

వేలం హాల్లో, బల్లల వరసల మధ్య, సుత్తి బాబాయి బోర్లా పడి ఉన్నాడు.

పొద్దున్నే తలుపు తీసిన వాచ్‌మన్ చూశాడు. ఎడమ చెవి వెనక తల పగిలింది. గచ్చు మీద నెత్తురు గడ్డకట్టింది. తాళాలు పగల్లేదు. గల్లాపెట్టె కదల్లేదు. ఒక్క వస్తువూ మాయం కాలేదు.

కొన ఊపిరి మాత్రం ఉంది.

ఆ హాల్లో పాత సామాన్ల వేలం పాడించేది ఆయనే. చేతిలో చెక్కసుత్తి, నోట్లో ఆగని మాట. రెండింటికీ కలిపి జనం పెట్టిన పేరది. స్ప్రింగులు బయటికొచ్చిన సోఫాని కూడా "ఇది మిమ్మల్ని కూర్చోబెట్టి ఊరుకోదు, పనికి కూడా లేపుతుంది" అని నవ్వించి అమ్మేసేవాడు.

ప్రాణం దక్కింది. మాట దక్కలేదు.

ఆయన స్పృహలోకి వచ్చిన మరునాడే ఎస్సై కెమెరా పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళాడు. ఆ వీడియో ఆధారంగా ఆయన కూతుర్ని అరెస్టు చేశాడు. ఒక్కగానొక్క కూతురు. ఇప్పుడు రిమాండ్‌లో ఉంది. ఛార్జ్‌షీట్ మీద ఒక సంతకం పడితే ఇక ఆమె సంగతి కోర్టు చూసుకుంటుంది.

ఆ సంతకం పెట్టాల్సింది క్రైమ్ బ్రాంచ్ ఇన్‌స్పెక్టర్. కిరాణా కొట్టు ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి. ఎవరు ఏం చెప్పినా ముందు మనసులో తక్కెడ ఎత్తి చూసుకునే అలవాటు ఆవిడకు అక్కడే అబ్బింది. పెన్ను మూత తియ్యలేదు.

"వీడియో పెట్టు" అంది.

తెర మీద ఆస్పత్రి గది. దిండుకు ఆనించిన ముఖం. తలకు కట్టు. కుడివైపు పెదవి జారిపోయింది. కుడి చెయ్యి దుప్పటి మీద ఎవరో మర్చిపోయిన వస్తువులా పడి ఉంది.

"మిమ్మల్ని ఎవరు కొట్టారు?" ఎస్సై గొంతు.

ఆయన నోరు తెరిచాడు. మెడ నరాలు ఉబ్బాయి. "తా... తా... అవును."

"ఎవరు అని అడుగుతున్నానండీ."

"అవును. అవును."

కెమెరాకు అందని చోటి నుంచి ఇంకో గొంతు వినిపించింది. "పేరు చెప్పలేడు సార్. అమ్మాయేనా అని అడిగి చూడండి."

"మీ అమ్మాయే కొట్టిందా?"

"అవును."

టక్ టక్. మంచం ఊచకు ఏదో తగిలిన చప్పుడు.

"మళ్ళీ చెప్పండి. మీ అమ్మాయేనా?"

"అవును." ముఖం కందగడ్డలా ఎర్రబడింది. టక్ టక్.

గడియారం పెట్టుకున్న చెయ్యి ఒకటి ఫ్రేములోకి వచ్చింది. ఆయన ఎడమ చేతిని అదిమి పట్టుకుంది. "ఊరుకో బావా, ఊరుకో."

అంతే. వీడియో అయిపోయింది.

"ఆ రెండో గొంతు ఎవరిది?" ఇన్‌స్పెక్టర్ అడిగింది.

"బావమరిది మేడమ్. ఆయన భార్యకు తమ్ముడు. ఆవిడ పోయినప్పటి నుంచి ఇంటి మంచీ చెడూ ఈయనే చూస్తాడు. హాల్లో భాగస్థుడు కూడా. పాపం, మంచం పక్క నుంచి కదలడం లేదు."

"ఆ చప్పుడు?"

"వణుకు మేడమ్. తలకు దెబ్బ కదా."

"కూతురు ఎందుకు కొడుతుంది?"

"ముందురోజు సాయంత్రం ఇద్దరికీ పెద్ద రగడ. వేరే వేలం కంపెనీలో చేరతానంది. 'పో, మళ్ళీ ఈ గడప తొక్కకు' అన్నాడీయన. హాలంతా విన్నది. రాత్రి ఎక్కడుందో సాక్ష్యం లేదు."

"బావమరిది ఎక్కడున్నాడు?"

"ఇంట్లో. వాళ్ళావిడ చెప్పింది."

"ఈ పెద్దాయన్ని ఇంకేం అడిగావు?"

"ఇంకేం అడగాలి మేడమ్? కన్నతండ్రే చెప్పాడు."

"'మిమ్మల్ని కొట్టింది నేనేనా' అని అడిగావా?"

ఎస్సై నవ్వబోయాడు. ఆవిడ ముఖం చూసి ఆగిపోయాడు.

"తక్కెడ సమంగా ఉందో లేదో చూసుకోకుండా తూచేశావు" అందావిడ. "ఆ తూకం నమ్మి ఒక మనిషిని జైల్లో పెట్టావు. లే. జీపు తియ్యమను."

* * *

గదిలోకి అడుగు పెట్టగానే ఆవిడ చూసింది చేతిని.

ఎడమ చెయ్యి. మెత్తటి గుడ్డపట్టీతో మంచానికి కట్టేసి ఉంది. మణికట్టు దగ్గర చర్మం కందిపోయింది. కుడి చెయ్యి ఎలాగూ పడిపోయింది. మిగిలిన ఒక్క చేతికీ సంకెళ్ళు.

సుత్తి బాబాయి కళ్ళు మాత్రం నిప్పుల్లా ఉన్నాయి.

మంచం పక్కన బావమరిది. ఇస్త్రీ చొక్కా, గడియారం. చేతిలో చిన్న గిన్నె, చెంచా. లేచి నిలబడ్డాడు.

"రండి మేడమ్. ఏం లాభం లేదండీ. మనిషి పూర్తిగా పోయాడు. పసిపిల్లాడనుకోండి. పిచ్చి కూడా ఎక్కినట్టుంది, నిన్న గిన్నె విసిరి కొట్టాడు. ఇక ఆ హాలూ, వ్యాపారం అంతా నా నెత్తినే..."

"ఆయన వింటున్నారు" అంది ఇన్‌స్పెక్టర్.

"వింటే ఏముంది మేడమ్. గోడకి చెప్పినట్టే."

ఆవిడ పళ్ళు బిగించింది. "మీరు కాసేపు బయట ఉండండి."

"నేను లేకపోతే కంగారు పడతాడండీ."

"పడనివ్వండి."

అతను వెళ్ళాడు. తలుపు మూసుకుంది. మంచం మీద మనిషి బిగబట్టిన ఊపిరి వదిలాడు.

హెడ్ నర్సు వచ్చింది. వెనకే స్పీచ్ థెరపిస్ట్. సన్నగా, పొడుగ్గా, చంకలో అట్టపెట్టెతో.

"ఇన్నాళ్ళూ మీరు ఎక్కడున్నారు?" ఇన్‌స్పెక్టర్ గొంతులో కారం తగ్గలేదు.

"రెండుసార్లు వచ్చాను మేడమ్. పేషెంటు నిద్రపోతున్నాడని ఇంటివాళ్ళు రెండుసార్లూ గుమ్మంలోంచే పంపేశారు. మా పనికి అంతకంటే మర్యాద దొరకదు లెండి. కాలు విరిగితే డాక్టర్, మాట విరిగితే దేవుడు అనుకుంటారు జనం." అతను పెట్టె దించాడు. "ఒక్క మనవి. కేసు సంగతి నాకు చెప్పకండి. నాకు జవాబు తెలిస్తే నా ముఖం ఆయనకు అందించేస్తుంది."

ఆ మాట ఆవిడకు నచ్చింది. లెక్క తెలిసిన మాట.

"ముందు ఆ కట్టు విప్పండి" అన్నాడు.

"కొడతాడు సార్" అంది నర్సు. "రోజంతా ఊచ మీద ఒకటే బాదుడు. చెయ్యి పగిలిపోతుందని, సెలైన్ పీకేస్తాడని ఇంటివాళ్ళు గోల పెడితే కట్టాం."

"విప్పండి" అంది ఇన్‌స్పెక్టర్.

విప్పారు. థెరపిస్ట్ కుర్చీ లాక్కుని ఆయన కళ్ళకు ఎదురుగా కూర్చున్నాడు. గొంతు పెంచలేదు. చిన్నపిల్లలతో మాట్లాడినట్టూ మాట్లాడలేదు.

"బాబాయిగారూ. మీరు ఆడవారా?"

"అవును."

టక్ టక్. ఎడమ చేతి పిడికిలి ఊచ మీద పడింది.

"మనం ఇప్పుడు పడవలో ఉన్నామా?"

"అవును." టక్ టక్. కళ్ళలో నీళ్ళు. కోపంతో వచ్చిన నీళ్ళు.

గోడ దగ్గర నిలబడ్డ ఎస్సై ముఖం పాలిపోయింది.

"చూశారుగా" అన్నాడు థెరపిస్ట్. "దీన్ని మేం అఫేసియా అంటాం. మెదడులో ఎడమవైపు దెబ్బ తగిలితే మాటకు గండం. అంతమాత్రాన మనిషికి మతి పోయినట్టు కాదు. గోడౌన్లో సరుకు భద్రంగా ఉంది, షట్టర్ ఇరుక్కుందనుకోండి. సందులోంచి చెయ్యి పెట్టి లాగితే అందిందే వస్తుంది. ఈయనకు 'అవును' అందుతోంది. ఏది లాగబోయినా అదే."

"అంటే మనం చెప్పేది ఆయనకు అర్థమవుతోందా?"

"కొందరికి సరుకు కూడా తడుస్తుంది. వినేదీ అర్థం కాదు. ఈయన ఏ రకమో నోటిని అడిగితే తేలదు. చేతిని అడగాలి."

పెట్టెలోంచి దువ్వెన, తాళంచెవి, చెంచా, కళ్ళజోడు తీసి పళ్ళెంలో పెట్టాడు.

"తలుపు తెరవడానికి ఏది?"

చెయ్యి తాళంచెవి మీదికి వెళ్ళింది. వస్తువుల చోటు మార్చాడు. మళ్ళీ అడిగాడు. మళ్ళీ తాళంచెవే. దువ్వెన అడిగితే దువ్వెన. "మొదట కిటికీ, తర్వాత నన్ను చూపించండి" అంటే అదే వరసలో చూపించాడు. ఒక్కటీ తప్పలేదు.

"పొడుగు వాక్యాలు కష్టం. పొట్టివి బాగానే పడుతున్నాయి" అన్నాడు థెరపిస్ట్. "మేడమ్, ఈయన అంతా విన్నాడు. ఈ గదిలో ఇన్నాళ్ళూ ఎవరేం మాట్లాడుకున్నా విన్నాడు."

ఇన్‌స్పెక్టర్‌కు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదని చెప్పాలి? అందరి మీదా.

* * *

జైలు ములాఖత్ గదిలో కూతురు ఏడవలేదు. బెయిలు గురించి అడగలేదు. ఒకటే అడిగింది.

"మేడమ్, నాన్న నిజంగా నా పేరు చెప్పాడా?"

"నువ్వే విను."

ఇన్‌స్పెక్టర్ ఫోన్‌లో వీడియో పెట్టింది. కూతురు తెరవైపు చూడలేకపోయింది. తల వంచుకుని విన్నది. తండ్రి గొంతు వినగానే పెదవి కొరుక్కుంది.

'మీ అమ్మాయే కొట్టిందా?' 'అవును.' టక్ టక్.

ఆమె తల చటుక్కున లేచింది. "వెనక్కి పెట్టండి."

మళ్ళీ విన్నది. మూడోసారీ విన్నది. అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే పిడికిలితో బల్ల గుద్దింది.

"రద్దు చేశాడు మేడమ్. ప్రతిసారీ రద్దు చేశాడు. ఇంతమందిలో ఒక్కళ్ళకీ అర్థం కాలేదా?"

"వివరంగా చెప్పు."

"మా హాల్లో సుత్తి ఒక్క దెబ్బ పడితే పాట ఖాయం. వస్తువు వాళ్ళదే. ఒక్కోసారి ఎవరో పొరపాటున పాడతారు. లేదంటే ఇద్దరూ నాదే నాదే అని కొట్టుకుంటారు. అప్పుడు వెంటవెంటనే రెండు దెబ్బలు. టక్ టక్. అన్న మాట చెల్లదని. మళ్ళీ మొదటి నుంచి. నాన్న పెట్టిన పద్ధతే. ఇంట్లో కూడా అంతే. నేను అబద్ధం చెబితే భోజనాల బల్ల మీద రెండు దెబ్బలు."

"ఇది ఎవరెవరికి తెలుసు?"

"హాలుకి రోజూ వచ్చేవాళ్ళందరికీ తెలుసు."

ఇన్‌స్పెక్టర్ ఫోన్ మూసింది. ఆవిడ మనసులో తక్కెడ ఒకవైపుకి ఒరిగింది.

* * *

మర్నాడు ఆస్పత్రి గదిలో మేజిస్ట్రేట్ కూర్చున్నారు. కెమెరా తిరుగుతోంది. బావమరిదికి కబురు వెళ్ళలేదు.

దెబ్బ పడిన రోజు సాయంత్రం హాల్లో ఉన్న వస్తువుల ఫొటోలు థెరపిస్ట్ చేతికి ఇచ్చారు. వేలం ప్రకటన కోసం తీసిన ఫొటోలే. కేసు వివరాలేవీ అతనికి చెప్పలేదు.

"బాబాయిగారూ. మిమ్మల్ని కొట్టిన వస్తువు. అది అయితే ఒక దెబ్బ. కాకపోతే రెండు."

కుర్చీ. టక్ టక్.

కంచు గుర్రం. టక్ టక్.

ఇత్తడి టేబుల్ ల్యాంపు, అడుగున పాలరాతి దిమ్మ.

టక్.

ఫొటోలు కలిపారు. వరస మార్చారు. మళ్ళీ అదే ల్యాంపు. మధ్యాహ్నం భోజనం తర్వాత ఇంకోసారి. అదే.

ఎస్సై హాలుకి ఫోన్ చేశాడు. పెట్టేసి నీళ్ళు నమిలాడు. "మేడమ్... అది అమ్ముడుపోయింది."

"ఎప్పుడు?"

"ఈయన ఐసీయూలో ఉండగానే. ప్రకటన ఇచ్చేశాం, ఆపలేమని వేలం జరిపించారట. మనం సీలు వేసింది ఆఫీసు గదికే."

"అంటే మన కళ్ళముందే హాలంతా ఖాళీ చేశారు. పాడించింది ఎవరు?"

"బావమరిది."

ల్యాంపు ఒక పళ్ళ డాక్టర్ దగ్గర దొరికింది. వెయిటింగ్ రూములో, పత్రికల పక్కన. వెలుగుతూనే ఉంది.

"బాగా బరువు. బోలెడు పాతది" అన్నాడు డాక్టర్, సంబరంగా. "కానీ అడుగున గుడ్డ కొత్తది అతికించారు. తెచ్చిన రోజు ఒకటే జిగురు వాసన."

ఇన్‌స్పెక్టర్ స్విచ్ ఆపింది. ప్లగ్ పీకింది. "రసీదు ఇస్తాం. దీన్ని ఇక ముట్టుకోకండి."

ఆయన సంబరం దిగిపోయింది. ఏం జరిగిందని అడగలేదు. వెళ్ళి చేతులు కడుక్కున్నాడు.

* * *

ల్యాబ్ రిపోర్టు వచ్చిన రోజు అందరినీ ఆ ఆస్పత్రి గదికే పిలిపించింది. మేజిస్ట్రేట్, థెరపిస్ట్, హెడ్ నర్సు, ఎస్సై. ఎస్కార్టుతో కూతురు. చివరగా బావమరిది.

కూతుర్ని చూడగానే సుత్తి బాబాయి లేవబోయాడు. పడిపోయిన కుడివైపు లేవనివ్వలేదు.

"ఏంటి మేడమ్ ఇది?" బావమరిది ముఖం చిట్లించాడు. "బావని కొట్టినదాన్ని బావ ముందుకే తెచ్చారు. ఈయనతో బొమ్మలాట ఆడించారని కూడా విన్నాను. మతిలేని మనిషి మాట కోర్టులో నిలుస్తుందా?"

"మీరు ఇచ్చినప్పుడు మాత్రం నిలిచింది" అంది ఇన్‌స్పెక్టర్.

"నేనేం ఇచ్చాను?"

"ప్రశ్న. ఎవరు కొట్టారని ఎస్సై అడిగాడు. అమ్మాయేనా అని అడగమన్నది మీరు. ఈ మనిషి నోట్లోంచి 'అవును' తప్ప ఇంకో మాట రాదని అప్పటికే మీరు చూసి ఉన్నారు. కాబట్టి ఏ పేరు పెడితే ఆ పేరు అమ్ముడుపోతుంది."

"నాకేం తెలుసండీ అదంతా. నేను డాక్టర్నా?"

"సరే. ఆ సంగతి వదిలేద్దాం. రెండు దెబ్బలంటే ఏమిటి?"

అతను గడియారం సర్దుకున్నాడు.

"మీ హాల్లో. టక్ టక్. ఏమిటి?"

"వేలంలో... రద్దు. అయితే?"

"ఎస్సైకి తెలీదు. నర్సుకి తెలీదు. నాకూ తెలీదు. మేమంతా వణుకు అనుకున్నాం. ఆ గదిలో దానికి అర్థం తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు కొడుతున్న ఈయన. రెండోవారు మీరు. 'సార్, మా బావ కాదంటున్నాడు' అని ఒక్క ముక్క చెబితే ఈ పిల్ల ఆ రాత్రి ఇంట్లో పడుకునేది. మీరు ఏం చేశారు? ఆ చేతిని అదిమి పట్టుకున్నారు. వీడియోలో మీ గడియారం కనిపిస్తోంది."

"ఓదార్చడం తప్పా?"

ఇన్‌స్పెక్టర్ నర్సువైపు తిరిగింది. "చెయ్యి కట్టెయ్యమని గోల పెట్టింది ఎవరు?"

"ఈయనే మేడమ్" అంది నర్సు. "వీడియో తీసిన సాయంత్రమే."

"నోరు పోయింది. కుడి చెయ్యి పోయింది. మాట్లాడగలిగేది ఎడమ చెయ్యి ఒక్కటే. దాన్నే కట్టించారు. థెరపిస్ట్ వస్తే గుమ్మంలోంచి పంపించారు. ఆ చెయ్యి ఏం చెబుతోందో తెలియనివాడికి దాన్ని చూసి భయం ఎందుకు?"

"ఇదంతా మీ ఊహ" అన్నాడు బావమరిది.

"ఇది ఊహ కాదు" అంది ఇన్‌స్పెక్టర్. ఎస్సై ల్యాంపు తెచ్చి బల్ల మీద పెట్టాడు. "కొత్త గుడ్డ కింద పాత గుడ్డ ఉంది. దాని నిండా నెత్తురు. మీ బావదే. ఈ కొత్త గుడ్డ ముక్క కోసిన తాను మీ ఇంట్లో అలమరలో దొరికింది. అదే జిగురు డబ్బా కూడా. వస్తువు దాస్తే వెతుకుతారని పదిమంది ముందు సుత్తి కొట్టి అమ్మేశారు. తెలివైన బేరమే. కొన్న పళ్ళ డాక్టర్ దాన్ని తన వెయిటింగ్ రూములో వెలిగించుకున్నాడు."

ఆవిడ థెరపిస్ట్‌కు ఒక కవరు ఇచ్చింది. అందులో ముఖాల ఫొటోలు. అతను ఒక్కొక్కటే ఎత్తి చూపించాడు.

"మిమ్మల్ని కొట్టిన మనిషి."

ఎస్సై ఫొటో. టక్ టక్.

వాచ్‌మన్. టక్ టక్.

కూతురు. ఆ చప్పుడుకి ఊచ అదిరింది. టక్ టక్. ఆయన అక్కడితో ఆగలేదు. టక్ టక్, టక్ టక్. నర్సు వెళ్ళి భుజం మీద చెయ్యి వేసేదాకా కొడుతూనే ఉన్నాడు.

బావమరిది ఫొటో పైకి లేచింది.

ఒక్క దెబ్బ.

"దొంగ పాటగాళ్ళ సంగతి పట్టేశాడు!" బావమరిది అరిచాడు. ఇన్నాళ్ళ మర్యాద ఒక్కసారిగా ఊడిపోయింది. "ధర పెంచడానికి హాల్లో నలుగుర్ని కూర్చోబెడితే నేరమా? ఎవడు చెయ్యడం లేదు? రేపే అందరి ముందూ నిలబెడతానన్నాడు. నేను బల్లలు మోస్తుంటే పేరు ఆయనది. జనం నవ్వేది ఆయన మాటలకి. ఒక్కరోజు, ఒక్కరోజు నోరు మూసుకుంటాడేమోనని..."

అక్కడ ఆగాడు. ఏమన్నాడో అప్పుడు వినిపించింది అతనికి.

"మూయించారు" అంది ఇన్‌స్పెక్టర్. "తీసుకెళ్ళండి."

అతన్ని తీసుకెళ్ళారు. మేజిస్ట్రేట్ కూతుర్ని విడుదల చేస్తూ ఉత్తర్వు రాయిస్తున్నారు. ఎస్సై మంచం దగ్గరికి వచ్చాడు. చేతులు కట్టుకుని వంగి, చెవిటివాడితో మాట్లాడినట్టు గట్టిగా మొదలుపెట్టాడు.

"పెద్దాయనా! పొరపాటైపోయింది!"

"ఆయన చెవులకేం కాలేదు" అంది ఇన్‌స్పెక్టర్. "మామూలుగా చెప్పు. ముందు ఆ అమ్మాయికి చెప్పు."

ఎస్సై తిరిగాడు. కూతురు అతని ముఖం వైపు చూడలేదు. అతన్ని దాటుకుని మంచం దగ్గరికి వచ్చింది. తండ్రి మణికట్టు మీద పట్టీ ఒరుసుకున్న చోట వేలితో తాకింది.

సుత్తి బాబాయి నోరు తెరిచాడు. పెదవులు ఏదో వెతుక్కుంటున్నాయి. "తా... అవు..."

తల విదిలించాడు. అది కాదు.

"నీళ్ళా?" నర్సు ముందుకు వచ్చింది. "నొప్పా సార్?" "అమ్మాయిని చూసి సంతోషమా?" ఇది ఎస్సై.

"ఆయన నోటికి మీ మాటలు పెట్టకండి" అన్నాడు థెరపిస్ట్ మెల్లగా. "ఆగండి."

ఆగారు. గోడ గడియారం, వరండాలో చక్రాల బండి, అంతే చప్పుడు. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. దవడ బిగుసుకుంది, వదులైంది, మళ్ళీ బిగుసుకుంది. కూతురు కళ్ళు తిప్పలేదు. ఒక్క అక్షరం అందించలేదు.

"కో..."

ఊపిరి పీల్చుకున్నాడు.

"కో... పం."

దెబ్బ తగిలాక ఆయన సొంతంగా వెతికి తెచ్చుకున్న మొదటి మాట అది. ఎస్సై తల దించుకున్నాడు.

కూతురు కుర్చీ లాక్కుని మంచానికి ఆనించి కూర్చుంది.

"నాకూ కోపమే నాన్నా" అంది. "ఈ ఊరందరి మీదా ఉంది. నీ మీద కూడా ఉంది. ముందు నీది చెప్పు. ఎంతసేపైనా కూర్చుంటాను."